చిన్న టౌన్లో తక్కువ ధర బట్టల కొట్టు పెట్టాలంటే

రెండు మూడు లక్షల పెట్టుబడితో మండల కేంద్రం లాంటి ఊళ్ళో బట్టల కొట్టు పెడదామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఈ వ్యాపారంలో సరుకు కొనేటప్పుడే లాభనష్టాలు సగం తేలిపోతాయి, అందుకే కొనడం గురించే ఎక్కువ చెప్తాను.

కొట్టు అద్దెకు తీసుకోకముందే రెండు మూడు వారాలు మీ ఊరి సంతకు వెళ్ళి నిలబడండి. ఆడవాళ్ళు ఏ రంగు ముట్టుకుంటున్నారు, ఎంత దగ్గర బేరం తెగుతోంది, ఏం అడిగి లేదంటే వెళ్ళిపోతున్నారు, ఇవన్నీ పుస్తకంలో రాసుకోండి. నేను ఈ పని చెయ్యకుండా నాకు నచ్చిన లేత రంగు కుర్తీలు, అవీ ఎక్కువగా ఎం సైజువి, మొదటి లోడు తెచ్చేశాను. మా దగ్గరికి వచ్చేది పొలం పనులకు వెళ్ళే ఆడవాళ్ళు, వాళ్ళకు మురికి కనపడని ముదురు రంగులు కావాలి, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ నైటీలు కావాలి. ఆ కుర్తీలు ఎనిమిది నెలలు అరల్లోనే ఉండిపోయి చివరికి కొన్న ధర కంటే తక్కువకు పోయాయి.

సరుకు ఎక్కడ తేవాలంటే, మొదటి ఏడాది దగ్గర్లోనే కొనండి. ఆంధ్రావాళ్ళకు విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత, తెలంగాణవాళ్ళకు హైదరాబాద్ మదీనా, పత్తర్‌గట్టి వైపు హోల్‌సేల్ షాపులు ఉన్నాయి. పీసుకు పదో ఇరవయ్యో ఎక్కువైనా కొద్ది సరుకు అడిగినా ఇస్తారు, వారం తిరిగేలోపు మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవచ్చు. అమ్మకం కుదురుకున్నాక సింథటిక్ చీరలకు సూరత్, బనియన్లు, టీషర్టులకు తిరుప్పూర్, లుంగీలు, తువ్వాళ్ళకు ఈరోడ్ వెళ్ళండి. రాయలసీమవాళ్ళకు జీన్స్ కోసం బళ్ళారి పక్కనే ఉంది. సూరత్‌కు విజయవాడ, వరంగల్ మీదుగా నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా పోతుంది.

హోల్‌సేల్ షాపులో గుమస్తా చీరలు గబగబా విప్పి పరుస్తుంటాడు, ఆ ఊపులో పడి సరే అనకండి. మీ తెల్ల జేబురుమాలు తడిపి చీర అంచు మీద గట్టిగా నాలుగుసార్లు రుద్దండి, రుమాలుకు ఎరుపో నీలమో అంటిందంటే ఆ బేలు (చీరల మూట) పక్కన పెట్టించండి. టేపు తీసుకెళ్ళి కొలవండి కూడా. ఐదున్నర మీటర్ల చీర, 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క కలిపితే 6.30 మీటర్లు రావాలి, చవక చీరల్లో చాలాసార్లు ఇక్కడే కోత పెడతారు. నైటీ అయితే చంక దగ్గర కుట్టు రెండు చేతులతో లాగి చూడండి. కుట్టు విడిపోయిన నైటీ కొన్నావిడ మళ్ళీ రాదు సరికదా, ఆ వీధిలో ఇంకో నలుగురిని రానివ్వదు.

రెడీమేడ్ సెట్ల లెక్కన ఇస్తారు, అంటే ఒక్కో సైజు ఒక్కో పీసు. మీ ఊళ్ళో పోని సైజు ప్రతి సెట్‌లోనూ మిగిలిపోతుంది కాబట్టి, సైజులు ఏరుకోనిచ్చే షాపు దొరికితే ధర కొంచెం ఎక్కువైనా వదలకండి.

ధర వేసేటప్పుడు ట్రాన్స్‌పోర్టు, హమాలీ, మీ బస్సు ఛార్జీ, కొట్టు అద్దె అన్నీ కలపాలి. 120కి కొన్న నైటీ కొట్టుకు చేరేసరికి 130 దాటుతుంది, దాన్ని 200 చెప్పి 180కి ఇచ్చేలా ఉంచుకోండి, ఎందుకంటే బేరం లేకుండా కొంటే మోసపోయామనే అనుకుంటారు. అరువు మాత్రం జాగ్రత్త. పంట చేతికొచ్చాక ఇస్తామనేవాళ్ళు నిజంగానే ఇస్తారు, కానీ అప్పటిదాకా మీ డబ్బు వాళ్ళ దగ్గర ఉంటుంది, హోల్‌సేల్‌వాడు ఆగడు. మనిషికి ఇంత అని ఒక హద్దు పెట్టుకోండి.

జీఎస్టీ గురించి టెన్షన్ వద్దు. సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకు ఏడాది టర్నోవర్ ఆంధ్రాలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు 2,500 రూపాయల వరకు ఉన్న బట్టలకు 5 శాతమే. కొన్న బిల్లులు మాత్రం పారేయకండి, 50 వేలు దాటిన సరుకు లారీలో వస్తుంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉందో లేదో కనుక్కోండి.

జూడియో షోరూములు, మీషో యాప్ వచ్చాక చిన్న కొట్లు మూతపడతాయని చాలామంది భయపడుతున్నారు. కుర్రాళ్ళ టీషర్టుల్లో వాళ్ళతో ధరకు పోటీ పడలేం, వదిలెయ్యండి. నైటీలు, లంగాలు, జాకెట్టు ముక్కలు, లుంగీలు, పసిపిల్లల బట్టలు పట్టుకోండి. చీరకు ఫాల్ కుట్టించి ఇవ్వండి, పిల్లాడికి సైజు సరిపోకపోతే సాయంత్రం తెచ్చినా మొహం చిట్లించకుండా మార్చివ్వండి.

సంక్రాంతి, రంజాన్, దసరా సరుకు నెల ముందే కొట్లో ఉండాలి, కోస్తాలో అయితే క్రిస్మస్‌కు కూడా. ఆషాఢంలో ముహూర్తాలుండవు, బేరాలు పడిపోతాయి. మూడు నెలలుగా కదలని పీసులన్నీ అప్పుడు బయట బల్ల మీద పోసి కొన్న ధరకే అమ్మేయండి, ఆ డబ్బుతో శ్రావణానికి చీరలు తెచ్చుకోవాలి.