అప్పు షరతు జాడను కరెంటు బిల్లు దాకా పట్టడం ఎలా

ఒక దేశమో రాష్ట్రమో అంతర్జాతీయ సంస్థల దగ్గర అప్పు తీసుకున్నప్పుడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది అప్పు మొత్తమే. వడ్డీ, గడువు లోపలి పేజీల్లో వస్తాయి. ఆ డబ్బు కోసం ప్రభుత్వం ఏ చట్టం మారుస్తానని, ఏ ధర పెంచుతానని, ఏ ఖర్చు తగ్గిస్తానని రాసి ఇచ్చిందో, చట్టసభలో చర్చ జరగకముందే రాసి ఇచ్చిందో లేదో పౌరుడు తెలుసుకోవలసిన అసలు సంగతి. ఈ పత్రాలు చాలావరకు బహిరంగంగానే ఉంటాయి కనుక, ఓపిక ఉన్నవారెవరైనా సొంతంగా చదివి తేల్చుకోవచ్చు.

అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) అప్పు అయితే పత్రికా ప్రకటన దగ్గర ఆగిపోవద్దు. ఆ సంస్థ వెలువరించే దేశ నివేదికకు అనుబంధంగా, దేశ ఆర్థిక మంత్రి, కేంద్ర బ్యాంకు గవర్నరు సంతకాలు చేసిన ఒక ఉద్దేశ లేఖ, దానితోపాటు ఆర్థిక విధానాల మెమొరాండం ఉంటాయి. లేఖ ఆ దేశమే తనంతట తాను రాసినట్టు కనిపించినా, అందులోని మాటలు ఇరుపక్షాల చర్చల్లో కుదిరినవి. మెమొరాండం చివర ఉన్న పట్టికలకు నేరుగా వెళ్లండి. నిధి బోర్డు సమావేశం కాకముందే పూర్తి కావలసిన పనులను ముందస్తు చర్యలు అంటారు. వడ్డీ చెల్లింపులు మినహాయించి లెక్కగట్టే ప్రాథమిక లోటు లేదా మిగులు వంటి అంకెల హద్దులు మరో పట్టికలో ఉంటాయి, వాటిని తప్పితే బోర్డు మినహాయింపు ఇస్తేనే తరువాతి విడత డబ్బు అందుతుంది. ఫలానా నెలలోగా ఫలానా చట్టం తేవాలనేవి స్ట్రక్చరల్ బెంచ్‌మార్కులు. ఇవి కాక, తప్పినా విడత దానంతటది ఆగిపోని సూచక లక్ష్యాలు కొన్ని ఉంటాయి. ఏ హామీని ఏ పట్టికలో పెట్టారో తప్పకుండా చూడాలి. శ్రీలంకకు ఐఎంఎఫ్ ఇచ్చిన రుణ కార్యక్రమంలో బడ్జెట్ ప్రాథమిక మిగులు, తప్పితే విడత ఆగే కఠినమైన పట్టికలోనూ, పేదల సాయానికి ఖర్చు చేయవలసిన కనీస మొత్తం సూచక లక్ష్యాల్లోనూ ఉన్నాయి. రుణదాత దృష్టిలో ఏది ముఖ్యమో ఈ ఒక్క తేడాతోనే తెలిసిపోతుంది.

తరువాత ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, ఎడమవైపు రుణదాత తేదీలు, కుడివైపు చట్టసభ, ఎన్నికలు, ధరల తేదీలు రాయండి. శ్రీలంకనే తీసుకుంటే, 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. సెప్టెంబరు 1న ఐఎంఎఫ్ అధికారులతో ప్రాథమిక ఒప్పందం కుదిరింది. 2023 ఫిబ్రవరిలో కరెంటు ఛార్జీలు 66 శాతం పెరిగాయి. మార్చి 9న జరగవలసిన స్థానిక ఎన్నికలు డబ్బు లేదన్న కారణంతో జరగలేదు. మార్చి 20న సుమారు 300 కోట్ల డాలర్ల రుణానికి బోర్డు ఆమోదం లభించింది. ఛార్జీల పెంపును వ్యతిరేకించిన విద్యుత్ నియంత్రణ సంస్థ ఛైర్మన్‌ను మే నెలలో పార్లమెంటు ఓటింగు జరిపి పదవి నుంచి తొలగించింది. 2024 సెప్టెంబరులో ప్రజలు కొత్త అధ్యక్షుడిని ఎన్నుకున్నారు, కానీ కార్యక్రమం కొనసాగింది. నిలిచిపోయిన స్థానిక ఎన్నికలు 2025 మేలో గానీ జరగలేదు.

ఇలా తేదీలు పక్కపక్కన పెట్టగానే అన్నిటినీ రుణదాత ఖాతాలో వేయాలనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త అవసరం. 2019 చివరిలో విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాను దెబ్బతీసింది శ్రీలంక ప్రభుత్వమే. ఎన్నికలకు డబ్బు విడుదల చేయకపోవడమూ ఆ ప్రభుత్వ నిర్ణయమే, అది పౌరుల ప్రాథమిక హక్కులకు భంగమని ఆ దేశ సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తీర్పు చెప్పింది. కాబట్టి షరతు పత్రంలో కనిపిస్తేనే రుణదాత ఖాతాలో రాయండి, కనిపించకపోతే పాలకుల ఖాతాలో రాయండి. అప్పు ఇచ్చినవాడిని సాకుగా చూపి తప్పించుకునే పాలకులను పట్టుకోవడానికి కూడా ఇదే దారి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. విద్యుత్ సంస్కరణల బిల్లును శాసనసభ 1998 ఏప్రిల్‌లో ఆమోదించింది. 1999 ఫిబ్రవరి 1న చట్టం అమలులోకి వచ్చి, విద్యుత్ బోర్డు జెన్‌కో (ఉత్పత్తి సంస్థ), ట్రాన్స్‌కో (సరఫరా సంస్థ)లుగా విడిపోయింది. అదే నెలలో ప్రపంచ బ్యాంకు విద్యుత్ రంగానికి 21 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. 2000 మేలో విద్యుత్ నియంత్రణ మండలి ఛార్జీలు పెంచింది, ఆ పెంపును నిరసిస్తున్నవారిపై ఆగస్టు 28న హైదరాబాద్‌లోని బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఛార్జీలు నిర్ణయించేది మండలి, మండలిని సృష్టించింది చట్టం, ఆ చట్టం వచ్చింది రుణ చర్చల నడుమ. అసెంబ్లీ ముందు నిలబడి అడిగినవారికి నేరుగా జవాబు చెప్పవలసినవారు ఎవరూ లేకుండా పోవడమే నా దృష్టిలో అసలు నష్టం. 2004 మే 14న ప్రమాణ స్వీకారం రోజునే వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయ ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం చేయడానికి వెనుక ఈ చరిత్ర అంతా ఉంది.

ఇప్పుడు మన రాష్ట్రాల అప్పులు చదవాలంటే, రాష్ట్రాలు విదేశాల నుంచి నేరుగా అప్పు తీసుకోలేవన్న సంగతి గుర్తుంచుకోవాలి. రాజ్యాంగంలోని 293వ అధికరణం రాష్ట్రాల అప్పును దేశం లోపలికే పరిమితం చేసింది. అందువల్ల రుణ ఒప్పందం కేంద్రంతో ఉంటుంది, రాష్ట్రాన్ని కట్టిపడేసే మాటలు రాష్ట్రం సంతకం చేసే వేరే ఒప్పందంలో ఉంటాయి, రెండూ చదవాలి. ప్రపంచ బ్యాంకు వెబ్‌సైటులో ప్రతి ప్రాజెక్టుకూ పి అక్షరంతో మొదలయ్యే ఒక సంఖ్య ఉంటుంది, దానితో వెతికితే పత్రాలు దొరుకుతాయి. రుణ ఒప్పందంలో అమలు నిబంధనలు సాధారణంగా రెండో షెడ్యూలులో ఉంటాయి. 2024 డిసెంబరులో అమరావతికి మంజూరైన 80 కోట్ల డాలర్ల రుణం, ఫలితాలు తేలినకొద్దీ డబ్బు విడుదలయ్యే తరహాది కాబట్టి, అక్కడ ఏ ఫలితానికి ఎంత డబ్బు ముడిపెట్టారన్న పట్టికను ముందుగా చూడండి. వెబ్‌సైటులో దొరకని రాష్ట్ర ఉత్తర్వులకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

షరతు దొరికాక దాన్ని సరైన చోట, సరైన వేళలో లేవనెత్తాలి. కరెంటు ధరలకు సంబంధించినదైతే, డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) మరుసటి ఏడాది ధరల ప్రతిపాదనలు దాఖలు చేశాక విద్యుత్ నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణకు గడువులోగా రాతపూర్వక అభ్యంతరం పంపి, వెళ్లి మాట్లాడవచ్చు. చట్ట సవరణ అయితే బిల్లు ప్రవేశపెట్టకముందే మీ శాసనసభ్యుడికి షరతు ఉన్న పేజీ నకలు జత చేసి లేఖ రాయండి, ఎందుకంటే బిల్లు సభలోకి వచ్చిన తరువాత దాన్ని చదివే సమయం ఆయనకూ ఉండదు. ప్రపంచ బ్యాంకు తన సొంత విధానాలను పాటించకపోవడం వల్ల నష్టపోతున్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది, నర్మదా ఉద్యమం తరువాత 1993లో ఏర్పడిన తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అమరావతి ప్రాంతంలోని కొందరు 2017లో అలాగే చేశారు. ఈ ప్యానెల్ బ్యాంకు తప్పును మాత్రమే విచారిస్తుంది, ప్రభుత్వాన్ని విచారించదు. ఐఎంఎఫ్‌కు ఇలాంటి ఫిర్యాదు మార్గం లేదు కనుక, దాని షరతుల మీద ప్రశ్న అడగవలసింది ఉద్దేశ లేఖపై సంతకం చేసిన ఆర్థిక మంత్రినే, పార్లమెంటులోనే.