ఒక ఆయత్‌పై (ఖురాన్ వాక్యంపై) వ్యాఖ్యానం కాలంతో ఎలా మారిందో పరిశీలించే పద్ధతి

ముందుగా ఒకే ఆయత్‌ను ఎంచుకుని, దాని ముందువెనుకల వాక్యాలతో కలిపి చదవండి. ఉదాహరణకు ఖురాన్ 4:3 (నాలుగో అధ్యాయం, మూడో ఆయత్), అనాథలకు న్యాయం చేయడం గురించిన మాటతో మొదలై, నలుగురి వరకు భార్యలను అనుమతిస్తూనే, న్యాయం చేయలేమన్న భయముంటే ఒక్కరే చాలంటుంది. తరువాత వ్యాఖ్యానాలను కాలక్రమంలో పేర్చుకోండి. పాతవారిని నేటి కొలతలతో తూచే తొందర వద్దు, అది వారికి అన్యాయమని నా గట్టి నమ్మకం. 923లో మరణించిన ఖురాన్ వ్యాఖ్యాత తబరీ, అనాథలకు అన్యాయం చేయడానికి జంకేవారు స్త్రీల విషయంలోనూ అలాగే జంకాలన్న అర్థానికి మొగ్గు చూపగా, 1905లో మరణించిన ఈజిప్టు పండితుడు ముహమ్మద్ అబ్దుహ్, భార్యల మధ్య సమన్యాయం మీ వల్ల కాదనే 4:129ను దీనికి జోడించి, బహుభార్యత్వాన్ని కట్టడి చేయాలని వాదించారు. ట్యునీషియా 1956లో దానిని చట్టరీత్యా నిషేధించింది. మూలంలో ఒక్క అక్షరమూ మారలేదు కనుక, ప్రతి వ్యాఖ్యాత ఏ మాటపై బరువు పెట్టారో వెతికి, దాని కింద గీత గీసుకోండి.