ఇంట్లో పగడాల తొట్టి – 7వ పాఠం: పాకే పగడాలకు హద్దు

గత పాఠం నాటికి ట్యాంకులో నీళ్లు కుదురుకున్నాయి. ఉప్పు సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే మొదటి పగడం కొనుక్కోవచ్చు. షాపుకి వెళ్లి "కొత్తగా మొదలుపెట్టాం, ఏదైనా ఇవ్వండి" అంటే సాధారణంగా ఈ ఐదింట్లో ఒకటి చేతిలో పెడతారు: జీఎస్‌పీ అని అందరూ పిలిచే గ్రీన్ స్టార్ పాలిప్స్, పల్సింగ్ జెనియా, కెన్యా ట్రీ, మష్రూమ్, జోవా. చవకైనవి, గట్టివి. "వీటిని చంపాలన్నా చావవు" అంటాడు షాపతను. ఆ మాట నిజమే. ఆరు నెలలు పోయాక మనకి టెన్షన్ పుట్టించేది కూడా ఆ గుణమే.

ఈ ఐదూ పాకే తీరు ఒకటి కాదు. కత్తిరిస్తే ఒకటి తగ్గుతుంది, ఇంకొకటి రెట్టింపవుతుంది. అందుకే కత్తెర సంగతి తర్వాత, ముందు ఏది ఎలా నడుస్తుందో చూద్దాం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇండియాలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. కాబట్టి ఈ పాఠాలు పగడాల వ్యాపారానికి చట్టం ఒప్పుకునే అమెరికా లాంటి చోట్ల ఉన్న మనవాళ్ల కోసం. హైదరాబాదులోనో విశాఖలోనో ఎవరైనా గుట్టుగా అమ్ముతుంటే కొనకండి.

జీఎస్‌పీతో మొదలుపెడదాం. పైన పచ్చగా ఊగే పాలిప్‌లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే చిన్న నోళ్లు, చూసి మోసపోకూడదు, అసలు పగడం కింద ఉంది. వేలితో తాకితే పాలిప్‌లన్నీ లోపలికి ముడుచుకుని, ఊదారంగు తోలు లాంటి పొర ఒకటి బయటపడుతుంది. పాకేది ఆ పొరే. రాయి మీద, వెనక గాజు మీద, పంపు గొట్టం మీద, గట్టిగా ఉన్న దేని మీదైనా అంచు అంచుగా ముందుకు జరుగుతుంది. పక్క పగడాన్ని ఇది పెద్దగా కుట్టదు. మీదికెక్కి కప్పేస్తుంది, వెలుగు అందక అడుగున ఉన్నది చచ్చిపోతుంది. పైన పాలిప్‌లు ఎన్ని కత్తిరించినా దీనికి లెక్కలేదు. పొరలో చిన్న ముక్క మిగిలినా పొలంలో తుంగలా మళ్లీ లేస్తుంది.

దీనికి పట్టు దొరకనిది వదులుగా ఉండే ఇసుక మీదే. కాబట్టి జీఎస్‌పీని ఎప్పుడూ పెద్ద రాళ్ల గుట్ట మీద అతికించకండి. విడిగా ఒక చిన్న రాయి తీసుకుని, దాని మీద జెల్ రకం సూపర్ గ్లూతో అంటించి, చుట్టూ నాలుగు అంగుళాల ఇసుక ఉండేలా పెట్టండి. గాజుకి కూడా అంతే దూరం. ఈ రాయినే మనవాళ్లు ఐలాండ్ అంటారు. పొర రాయి అంచు దాటి ఇసుక మీదికి వేలాడడం మొదలుపెట్టగానే బ్లేడుతో ఆ అంచు కోసెయ్యాలి. నెలకోసారి చూసుకుంటే చాలు.

ఇప్పటికే గుట్ట ఎక్కేసి ఉంటే? ఆ రాయి ఊడి వస్తుందా చూడండి. వస్తే బయటికి తీసి, ట్యాంకు నీళ్లే పోసిన బకెట్లో పెట్టి, పొర అంచు కిందికి మొద్దు కత్తి దూర్చి మెల్లగా లేపండి. తొందరపడకపోతే చాపలా ఒకే ముక్కగా ఊడొస్తుంది. మిగిలిన ఊదా మరకల్ని గట్టి టూత్‌బ్రష్‌తో రుద్ది, అదే బకెట్లో కడిగి, రాయిని వెనక్కి పెట్టండి. ట్యాంకు లోపలే గోకితే తునకలు ప్రవాహంలో కొట్టుకుపోయి ఇంకో నాలుగు చోట్ల అంటుకుంటాయి. వెనక గాజంతా కావాలనే జీఎస్‌పీకి వదిలేసేవాళ్లూ ఉన్నారు, పచ్చిక గోడలా బాగానే ఉంటుంది. నాకు అభ్యంతరం లేదు గానీ, రాళ్లు ఆ గాజుకి ఆనకుండా చూసుకోవాలి.

జెనియా కథ వేరు. చేతులు మూస్తూ తెరుస్తూ ఉంటుంది, పిల్లలు దాని ముందునుంచి కదలరు. ఆ కదలిక ఎందుకని ఎర్ర సముద్రంలో ఐలాట్ దగ్గర చేసిన పరిశోధన 2013లో వచ్చింది. అలా కొట్టుకోవడం వల్ల చుట్టూ ఉన్న నీరు మారుతుంది, ఒంట్లో పేరుకునే ఆక్సిజన్ బయటికి పోతుంది, కణాల్లో ఉండే ఆల్గే ఇంకా జోరుగా ఆహారం తయారుచేస్తుంది. మంచి వెలుతురున్న ట్యాంకులో అది ఎందుకంత వేగంగా పెరుగుతుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

జెనియా నడుస్తుంది. కాండం పక్కకి వాలి ఎదుటి రాయిని తాకుతుంది, అక్కడ అంటుకుంటుంది, పాత చోట కొంచెం మొదలు వదిలేస్తుంది. ఆ మొదలూ ఒక కొత్త జెనియా అవుతుంది. మధ్యకి కోస్తే చేతిలోకి వచ్చిన ముక్క ఒకటి, రాయికి మిగిలిన మొదలు ఒకటి. అందుకని దీని దగ్గర ఆశ చూపి పట్టుకోవడమే తేలిక. అది వాలుతున్న వైపు ఖాళీ రాతిముక్కలు రెండు మూడు ఆనించి పెట్టండి. కొన్నాళ్లకి వాటి మీదికి ఎక్కుతుంది. బాగా పట్టుకున్నాక ఆ ముక్కలు తీసేసి షాపులో ఇచ్చెయ్యండి. చాలా షాపులు డబ్బు ఇవ్వవు గానీ, ఆ మేరకు ఇంకేదైనా తీసుకోనిస్తాయి. ఊళ్లో ఫ్రాగ్ స్వాప్‌లు, అంటే పెంచేవాళ్లు కోసిన పగడం ముక్కలు (ఫ్రాగ్‌లు) ఒకరికొకరు మార్చుకునే కలయికలు, జరుగుతుంటే ఇంకా మంచిది.

కెన్యా ట్రీ కొమ్మల చివర్లు తనే తుంచి వదులుతుంది. అవి ప్రవాహంలో దొర్లి, నీరు నెమ్మదించే మూలల్లో, రాళ్ల వెనక దిగుతాయి. వారానికోసారి టార్చి వేసి చూసి పట్టకారుతో ఏరెయ్యడమే. మష్రూమ్ జరుగుతూ అడుగు భాగంలో తునకలు వదులుతుంది, ఒక్కో తునక ఒక్కో మష్రూమ్. దాన్ని గోకితే మనమే విత్తనాలు చల్లినట్టు. దాని కింద ఉన్న రాతిపొరతో సహా బోన్ కట్టర్‌తో, అంటే ఎముకలు కోసే గట్టి కత్తెరతో, పెళ్లగించాలి.

జోవాల దగ్గర మాత్రం నెమ్మదిగా చదవండి. జోవాలూ, వాటి చుట్టాలైన పాలీథోవాలూ అన్నీ విషం కావు, కానీ కొన్నింట్లో పాలీటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి, దాన్ని మొదట వేరుచేసింది 1971లో, హవాయి పాలీథోవాలోంచి. చూసి ఏది విషమో చెప్పలేం. రాయిని శుభ్రం చేద్దామని మరగబెట్టిన వాళ్లూ, వేడినీళ్లు పోసిన వాళ్లూ ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలయ్యారు. 2012–2014 మధ్య అలాస్కాలో ఇళ్లలో, అక్వేరియం షాపుల్లో జోవాలను కదిలించినప్పుడు అనారోగ్యం పాలైన కేసులను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నమోదు చేసింది.

జోవాలున్న రాయిని మరగబెట్టకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఎండలో ఆరబెట్టి పొడిగా గోకకండి, జోరు నీళ్లతో కొట్టకండి. కొయ్యాల్సి వస్తే గ్లోవ్స్, కళ్లజోడు వేసుకుని, నీళ్లలో తడిగా ఉంచే కొయ్యండి. కోసేటప్పుడు నీళ్లు చిమ్ముతాయి, కంట్లో పడితే ప్రమాదం. చేతిమీద గాయం ఉంటే ఆ రోజు పని మానుకోండి. పిల్లల్ని, పిల్లుల్ని గదిలోకి రానివ్వకండి. పని అయ్యాక నోట్లో చేదు, గుండెదడ, ఆయాసం, ఒళ్లునొప్పులు అనిపిస్తే ఆస్పత్రికి వెళ్లి, పాలీటాక్సిన్ అన్న పేరు డాక్టరుకి మీరే చెప్పండి. డాక్టరుకి కూడా ఆ అనుమానం రాకపోవచ్చు.

ఇక మిగిలిపోయిన మొదళ్ల సంగతి. జెనియా మొదలుకీ, మష్రూమ్ తునకకీ కాల్క్‌వాసర్ ముద్ద పనిచేస్తుంది. పేరు గంభీరంగా ఉంది గానీ, అది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తాంబూలంలో వేసుకునే సున్నమే. ట్యాంకుకి మాత్రం కలుపులేవీ లేని పొడి కొనండి. ఆర్‌ఓ నీళ్లతో టూత్‌పేస్టులా కలిపి, సూదిలేని సిరంజిలో నింపి, పంపులన్నీ ఆపి, మొదలు మీద పూర్తిగా కప్పేలా పెట్టండి. పావుగంట ఆగి పంపులు వెయ్యండి. ఇది పీహెచ్‌ని ఒక్కసారిగా పెంచుతుంది, కాబట్టి 50 గ్యాలన్ల ట్యాంకులో రోజుకి మూడు నాలుగు మిల్లీలీటర్లు దాటనివ్వను. చర్మాన్ని కాలుస్తుంది, ఇక్కడా గ్లోవ్స్ తప్పవు. జోవాల మీద దీన్ని ప్రయోగించకండి.

కుక్కల నులిపురుగు మందు ఫెన్‌బెండజోల్ వేస్తే జెనియా, జీఎస్‌పీ రెండూ పోతాయని మీకు ఎవరో ఒకరు చెప్తారు. పోతాయి. వాటితోపాటు నత్తలు, ఇసుకలో పనిచేసే పురుగులు, మీరు ఇష్టపడి కొన్న ఇంకేవో కూడా పోవచ్చు. ఆ దారి నేను సలహా ఇవ్వను. చేపల మేత తగ్గించి పగడాలని మాడ్చడం కూడా అంతే. అతిగా మేత వేస్తుంటే తగ్గించండి, నైట్రేటు 5–10 పీపీఎం మధ్య ఉంటే బాగానే ఉన్నట్టు. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకి తెస్తే ముందు పాలిపోయేది మీరు కాపాడాలనుకున్న పగడమే, ఖాళీ అయిన చోట గోధుమరంగు డైనోఫ్లాజెలేట్లు (జిగట పొరలా పరుచుకునే సూక్ష్మజీవులు) దిగుతాయి.

కోత అయిన రోజు కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, పదిహేను శాతం నీళ్లు మార్చండి. కోసిన సాఫ్ట్ కోరల్స్ (ఇలాంటి మెత్తటి పగడాలు) నీళ్లలోకి రసాయనాలు వదులుతాయి, పక్క పగడాలు ముడుచుకుంటాయి. నీళ్లలోని మురికిని నురుగుగా లాగే స్కిమ్మర్ కప్పు పొంగవచ్చు, కనిపెట్టి ఉండండి. ఒకేరోజు మొత్తం తీసెయ్యకుండా మూడోవంతు చొప్పున తీస్తే చేపలకీ ఇబ్బంది ఉండదు.

తీసిన ముక్కలు ఎవరికీ అక్కర్లేకపోతే గట్టిగా మూతికట్టిన సంచిలో చెత్తబుట్టకి. సముద్రంలోకి గానీ, వాననీటి కాలవలోకి గానీ వద్దు. వెనెజువేలా తీరంలో అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చిందని భావిస్తున్న యూనోమియా అనే జెనియా చుట్టం అక్కడి పగడపు దిబ్బల్నీ సముద్రపు గడ్డినీ కప్పేస్తోంది. 2020లో అది హవాయిలో పెర్ల్ హార్బర్లోనూ కనబడింది.

ఈ వారం పని: ట్యాంకుకి ముందునుంచి, రెండు పక్కలనుంచి ఫొటోలు తీసి, ప్రతి పగడం అంచుకీ పక్కదానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. నెల తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీయండి. రెండు అంగుళాల లోపుకి వచ్చిన జీఎస్‌పీ, జెనియా ఏవైనా ఉంటే అవే మీ మొదటి కోతలు. వాటిని అతికించి ఫ్రాగ్‌లుగా పెంచడం 8వ పాఠంలో. దానికి జెల్ గ్లూ, ఫ్రాగ్ ప్లగ్‌లు (ముక్కని అతికించే చిన్న బిళ్లలు), రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు సిద్ధం చేసుకోండి.