అమీర్‌పేట గదిలో కూర్చుని గ్రహశకలాన్ని పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో రాత్రిపూట మేడెక్కి చూస్తే పది చుక్కలు కనబడితే గొప్ప. దిగులు పడకండి, ఈ పనికి మేడా అక్కర్లేదు, టెలిస్కోపూ కొనక్కర్లేదు. విండోస్ ఉన్న కంప్యూటర్, నెట్, బోలెడంత ఓపిక ఉంటే చాలు.

ముందు ఇద్దరు ముగ్గురితో ఒక జట్టు కట్టండి. అమెరికాలోని టెక్సాస్ కేంద్రంగా నడిచే ‘ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్’ ఉచితంగా వెతుకులాటలు నిర్వహిస్తుంది. అందులో పేరు నమోదు చేసుకుంటే, హవాయిలోని హలేయాకలా కొండమీద ఉన్న పాన్‌స్టార్స్ టెలిస్కోపు తీసిన ఫొటోలు మీకు అందుతాయి. దాని అద్దం వెడల్పు 1.8 మీటర్లు.

ఫొటోలు నాలుగేసి చొప్పున వస్తాయి. అన్నీ ఆకాశంలో ఒకే చోటువి, కొన్ని నిమిషాల తేడాతో తీసినవి. ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఒకదాని తర్వాత ఒకటి గబగబా తిప్పండి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. వాటి మధ్య ఒక చిన్న మచ్చ మాత్రం జరుగుతూ పోతుంటే, దాని మీద ఓ కన్నేయండి.

మోసపోయేదీ ఇక్కడే. కెమెరాలో చెడిపోయిన పిక్సెళ్లు, అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలు తగిలిన గుర్తులు అచ్చం అలాగే ఊరిస్తాయి. అసలైనది తిన్నని గీతలో, ఒకే వేగంతో కదులుతుంది. వెలుగూ పెద్దగా మారదు. ఒక ఫొటోలో ఉండి మిగతా మూడింటిలో లేకపోతే వదిలేయండి. తర్వాత, ఇప్పటికే తెలిసిన శకలాల జాబితాను ఫొటోల మీద పరిచి చూడండి. మొదట్లో మనకు దొరికేవి చాలావరకు ఎవరో ఎప్పుడో పట్టినవే. జాబితాలో లేకపోతే స్థానాలు కొలిచి రిపోర్టు పంపండి.

ఆ తర్వాత మీ చేతిలో ఏమీ ఉండదు. ఇంకో రాత్రి కూడా కనిపిస్తేనే, ప్రపంచంలోని శకలాల లెక్కలన్నీ చూసే మైనర్ ప్లానెట్ సెంటర్ దానికి తాత్కాలిక గుర్తు ఇస్తుంది. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో 1988 ఫిబ్రవరి 17న దొరికిన శకలం గుర్తు 1988 డీక్యూ1. డీ అంటే ఫిబ్రవరి రెండో సగం, క్యూ1 అంటే ఆ సగంలో 41వది. ఐ అక్షరాన్ని లెక్కలోకి తీసుకోరు కాబట్టి చుట్టుకు 25 అక్షరాలు; 1 అంటే ఒక చుట్టు అయిపోయిందని, క్యూ అంటే తర్వాతి చుట్టులో 16వదని. అదే ఇప్పుడు 4130 రామానుజన్.

ఆ 4130 లాంటి శాశ్వత నంబరు పడాలంటే కక్ష్య, అంటే శకలం తిరిగే దారి, గట్టిగా తేలాలి. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే ఈ శకలాలు సూర్యుడికి ఎదురుగా, మనకు బాగా కనిపించే చోటికి ఏడాది పైచిలుక్కి ఒకసారి వస్తాయి. మామూలుగా అలా నాలుగు సార్లయినా చూడాలి. అంటే ఏళ్లు. ఇంటర్‌లో రిపోర్టు పంపిన అమ్మాయి ఉద్యోగంలో చేరాక నంబరు పడినా ఆశ్చర్యం లేదు.

నంబరు పడి, కనుగొన్న ఘనత మీకు దక్కితే, పేరు ప్రతిపాదించడానికి పదేళ్ల గడువు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు ఖాళీలతో కలిపి 16 దాటకూడదు. మన వేంకటసుబ్రహ్మణ్యం తాతగారు 19 అక్షరాలతో అక్కడే ఆగిపోతారు! రాజకీయ నాయకులైతే చనిపోయి వందేళ్లు నిండాలి. కంపెనీ పేర్లు కుదరవు, పెంపుడు కుక్క పేరును ప్రోత్సహించరు. మీ పేరు మీరే పెట్టుకోవడం ఆనవాయితీ కాదు. తండ్రి ఉద్యోగం చేసిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ నీడలో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు 2596 నంబరు శకలానికి పెట్టారు. అలాంటి ఓ మనిషిని ఎంచుకుని, ఆయన ఎవరో రెండు మూడు వాక్యాల్లో రాసి పంపండి.

డబ్బు కడితే పేరు పెడతామనే సర్టిఫికెట్లకు ఇక్కడ విలువ లేదు. నిర్ణయం అంతర్జాతీయ ఖగోళ సంఘం కమిటీది. పేరు వాళ్ల బులెటిన్‌లో అచ్చయ్యేదాకా స్వీట్లు పంచకండి.