స్టోన్ టౌన్ చూడాలంటే అరుగు దగ్గర మొదలుపెట్టండి

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా చేరినప్పటి నుంచి, కాకినాడ వైపు చుట్టాలు ఎవరొచ్చినా జాంజిబార్ దీవిలోని పాత పట్నం స్టోన్ టౌన్ తిప్పే డ్యూటీ నాదే. ఫెర్రీలో రెండు గంటలు. దిగీ దిగగానే అందరూ ఒడ్డున ఉన్న సుల్తాన్ల కాలం నాటి భవనం బేత్ అల్ అజాయిబ్ (వింతల ఇల్లు) వైపు పరిగెడతారు. దాన్ని చివరికి ఉంచి, ముందు సందుల్లోకి నడవండి.

ఇంటి గోడను ఆనుకుని రాతి అరుగు కనిపిస్తుంది. అక్కడివాళ్లు బరాజా అంటారు. మన అరుగులాగే కబుర్లకి, కాఫీకి. వాన పడి సందులో నీళ్లు పారితే దానిమీదే నడిచిపోతారు.

తర్వాత తలుపు. ద్వారబంధం పైభాగం తిన్నగా ఉండి అరబ్బీ అక్షరాలు చెక్కి ఉంటే ఒమానీ పద్ధతి. కమాను తిరిగి, ఇత్తడి బొడిపెలు ఉంటే గుజరాతీ వ్యాపారుల అభిరుచి. అంచున చెక్కిన గొలుసుకి గైడ్లు తలా ఒక అర్థం చెప్తారు. నేను వింటానంతే, వాదించను.

ఎవరైనా లోపలికి పిలిస్తే గుమ్మంలో "హోడి" (లోపలికి రావచ్చా) అని, "కరిబు" (రండి) వినపడ్డాకే అడుగు పెట్టండి. ముందు తలెత్తి చూడండి. కప్పు మోసేవి మడ కర్రలు, వాళ్ల మాటలో బొరీటి. కోరంగి మడ అడవి చూసినవాళ్లకి కొత్త చెట్టేం కాదు. కర్ర ఎంత పొడుగో గది అంతే వెడల్పు. నేను టేపు పెట్టిన గదుల్లో మూడు మీటర్లు దాటింది లేదు. పొడవు మాత్రం రైలు పెట్టెలా సాగుతుంది.

గోడలు పగడపు రాయి, సున్నం. పెచ్చులూడిన చోట సాధారణంగా సిమెంట్ పూత ఉంటుంది. "సిమెంట్ కొట్టేస్తే పోతుందిగా" అని మొదటి ఏడాది నేనూ అన్నవాణ్ణే. అక్కడి ముసలి మేస్త్రీ ఒకాయన మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని ఆ పెచ్చు కింద పెట్టించాడు. చెమ్మ. సున్నమైతే తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంట్ లోపలే బంధించేస్తుంది.

ఆంగ్లికన్ చర్చి దగ్గర సెల్ఫీలు వద్దు. 1873లో మూసేసిన బానిసల సంత ఉన్న చోటే అది లేచింది.

ఇప్పుడు ఒడ్డుకు రండి. బేత్ అల్ అజాయిబ్‌ని జాంజిబార్ సుల్తాన్ బర్గాష్ 1883లో కట్టించాడు. 2020 డిసెంబర్‌లో కొంత కూలింది. దాని పోత ఇనుప స్తంభాలు, ఉక్కు దూలాల సంగతి గమనించండి. మడ కర్ర పొడవుకి లొంగాల్సిన పని ఇక్కడ తప్పింది.