గంటే చూపిస్తున్నా పేచీ తగ్గలేదా? ఇంట్లో ఫోన్లన్నీ చూడండి

సమస్య: మూడేళ్ల పిల్లాడికి రోజుకు గంటే ఫోన్ అనుకున్నారు. రెండు వారాలైంది. చేతిలోంచి తీసుకుంటే నేల మీద పడి దొర్లడం మాత్రం ఆగలేదు.

ప్లేస్కూల్లో పన్నెండేళ్లుగా వింటున్న మాట: "గంటే మేడమ్, నా ఫోన్‌లో లిమిట్ పెట్టాను." ఇంట్లో ఫోన్లు నాలుగు! ఒక్కోదాంట్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిజిటల్ వెల్‌బీయింగ్ (ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్) తెరవండి. నిన్న యూట్యూబ్ ఎంతసేపు నడిచిందో రాసుకుని కూడండి. ఐదు నిమిషాల పని. అది చేయకుండా ఏ లాక్ యాప్ మంచిదని అడిగేవాళ్లకు జవాబివ్వడం మానేశాను.

అసలు కారణం: అన్నం. ఇందులో నేనూ బోల్తా పడ్డాను. మావాడికి సాయంత్రం గంట లెక్కపెట్టి ఇచ్చి మురిసిపోయేదాన్ని. ఓ రోజు అత్తయ్య ఫోన్ చూస్తే యూట్యూబ్ గంటా నలభై నిమిషాలు. ఆవిడ సీరియళ్లు టీవీలోనే చూస్తారు. ఇడ్లీకి అరగంట, పప్పన్నానికి నలభై నిమిషాలు, రాత్రికి ఇంకో అరగంట. ఆవిడ దాచిందేం లేదు. అది ఫోన్ చూపించడమని మేమెవరం అనుకోలేదంతే, అన్నం పెట్టడం అనుకున్నాం. వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా నోరు తెరుస్తాడు. ముద్ద బుగ్గలోనే ఉంటుంది, "మింగు నాన్నా" అంటే మింగుతాడు. ఆకలీ తెలీదు, కడుపు నిండిందనీ తెలీదు. రెండేళ్లలోపు అసలొద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా గంట మించొద్దు అని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పే గంటలో ఈ ముద్దల టైమూ లెక్కే.

పరిష్కారం: మూడు పూటలా ఒకేసారి ఆపకండి. బాగా ఆకలేసే పూట ఒక్కటి పట్టుకోండి, మాకైతే మధ్యాహ్నం. అంతకు ముందు రెండు గంటలు పాలు, బిస్కెట్లు బంద్. వాడి కంచం వాడికి పెట్టి పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. మీ ఫోన్లు కూడా పక్క గదిలోనే. అరగంటకి కంచం తీసేయండి, తిన్నా తినకపోయినా.

మొదటి మూడు నాలుగు రోజులు సగమే తింటాడు. చాలా ఇళ్లలో చేతులెత్తేసేది అక్కడే. "పిల్లాడు అర్ధాకలితో పడుకుంటే నాకు ముద్ద దిగుతుందా అమ్మాయ్?" అంది అత్తయ్య. వాదించలేదు. "రాత్రికి మీ ఇష్టం అత్తయ్యా, మధ్యాహ్నం మాత్రం నన్ను చూసి ఊరుకోండి" అన్నాను. ఆరో రోజు పెరుగన్నం కంచం వాడే దగ్గరికి లాక్కున్నాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడనుకోండి. రాత్రి పూట మార్చడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

అన్నీ కూడినా గంటలోపే వచ్చిందా? ఆటోప్లే (తర్వాతి వీడియో దానంతటదే మొదలవడం) ఆపేసి, వీడియో పూర్తయ్యాక తీసుకోండి, మధ్యలో లాక్కోవద్దు. పిలిస్తే పలకడం లేదు, మాటలు రావడం లేదు, బరువు తగ్గుతున్నాడు అంటే ఫోన్ మీద నెట్టేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.