ఇద్దరి కోసం చలికాలపు క్రూజ్: ఓడ కన్నా ముందు రేవులు చూడండి

క్రూజ్ బుక్ చేద్దామని కూర్చున్న జంటలు చాలావరకు ముందు ఓడ ఫొటోలు చూస్తారు. ఎన్ని పూల్స్ ఉన్నాయి, ఎన్ని రెస్టారెంట్లు ఉన్నాయి, వాటర్ స్లైడ్ ఎంత ఎత్తు. నేను మాత్రం ముందు ఇటినరరీ, అంటే ఓడ ప్రయాణ పట్టిక తెరిచి, ఒక్కో రేవుకి ఓడ ఎన్నింటికి చేరుతుంది, ఎన్నింటికి బయలుదేరుతుంది అనేది చూస్తాను. చలికాలంలో వెళ్లేదే ఎండ కోసం, సముద్రం కోసం. అవి మనకి ఎంతసేపు దక్కుతాయో చెప్పేది ఆ టైమింగ్సే. ఉదయం 7కి వచ్చి మధ్యాహ్నం 2కి వెళ్లిపోయే ఓడ ఇటినరరీలోనూ, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా ఆగే ఓడ ఇటినరరీలోనూ మెక్సికో దీవి కోజుమెల్ పేరే ఉంటుంది. మొదటిదాంట్లో మీరు దిగి, టాక్సీ మాట్లాడుకుని, బీచ్ చేరేసరికి వెనక్కి తిరిగే ఆలోచన మొదలవుతుంది. ధర కాస్త ఎక్కువైనా రెండోదే తీసుకోండి.

ఎటువైపు వెళ్లాలో తేలాలంటే ఇద్దరూ ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. కావాల్సింది వెచ్చటి గాలా, వెచ్చటి నీళ్లా? డిసెంబర్ నుంచి మార్చి దాకా పశ్చిమ కరేబియన్‌లో, అంటే కోజుమెల్, గ్రాండ్ కేమన్, రొవాటన్, బెలీజ్ వైపు, సముద్రపు నీళ్లు సుమారు 26, 27 డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. చాలాసేపు ఈదినా వణుకు రాదు. మెక్సికో పసిఫిక్ తీరంలోని కాబో శాన్ లూకాస్‌లో పగటి ఎండ హాయిగా ఉంటుంది గానీ, జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు 21, 22 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. స్నార్కెలింగ్ (అద్దం, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడడం) చేయాలంటే ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ ఉంటేనే సుఖం. స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లో, టెనెరిఫే, లాన్జరోటే లాంటి చోట్ల, పగలు 20 డిగ్రీలు దాటుతుంది. నడకకి, అగ్నిపర్వతాల దారులు చూడడానికి బ్రహ్మాండమైన కాలం. ఈతకి మాత్రం చాలామందికి చల్లగా అనిపిస్తుంది.

మా ఇద్దరిలో నీళ్ల పిచ్చి నాది, నడక పిచ్చి మా ఆయనది. పైగా ఆయనకి సముద్రం పడదు, కడుపులో తిప్పుతుంది. అందుకని మేము మార్గం ఎంచుకునేటప్పుడు ఇద్దరికీ చెరొక రేవైనా ఉందా అని చూస్తాం. స్నార్కెలింగ్ నాకు. తిమింగలాలు ఆయనకి. మెక్సికో పసిఫిక్ తీరంలోనే ప్యుర్టో వల్లార్టా ఉన్న బండేరాస్ అఖాతంలోకి హంప్‌బ్యాక్ తిమింగలాలు డిసెంబర్ నుంచి మార్చి దాకా పిల్లల్ని కనడానికి వస్తాయి. కాబో దగ్గరా ఆ నెలల్లో కనిపిస్తాయి. మీలో ఒకరికి నీళ్లలో దిగడం ఇష్టం లేకపోతే ఆ మార్గం గురించి గట్టిగా ఆలోచించండి.

కరేబియన్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. కాబట్టి చలికాలంలో ఆ టెన్షన్ ఉండదు. అయితే ఈ కాలానికి దాని గాలులు దానికి ఉన్నాయి. ఉత్తరం నుంచి చలిగాలి గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా దిగినప్పుడు పశ్చిమ కరేబియన్‌లో ఒకటి రెండు రోజులు అలలు లేస్తాయి. అప్పుడు కొన్ని రేవుల్లో ఓడలు ఆగవు. ముఖ్యంగా టెండర్ రేవుల్లో. టెండర్ అంటే ఓడ గట్టుకి ఆనకుండా నీళ్లలోనే నిలబడితే, మనల్ని చిన్న బోట్లలో ఒడ్డుకి చేర్చడం. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్‌టౌన్, బెలీజ్ సిటీ, కాబో శాన్ లూకాస్ మూడూ ఇలాంటివే. ఇటినరరీలో అన్నీ టెండర్ రేవులే ఉంటే ఒకటైనా చేజారే అవకాశం ఉందనుకోండి. గట్టుకి ఆనే రేవులు కనీసం సగం ఉండేలా చూసుకోవడం నా పద్ధతి.

తేదీల సంగతి తేలిక. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలు అన్నిటికన్నా ఖరీదు, ఓడ నిండా పిల్లలు. డిసెంబర్ మొదటి రెండు వారాలు, మళ్లీ కొత్త సంవత్సరం దాటాక జనవరి వారాలు ఇద్దరికి సరైనవి. జనవరి నుంచి మార్చి దాకా క్రూజ్ కంపెనీలు ఆఫర్లు గుప్పిస్తాయి. దాన్ని వేవ్ సీజన్ అంటారు. వచ్చే చలికాలానికి బుక్ చేసుకోవడానికి అది మంచి సమయం. ధర ఎప్పుడూ మనిషికి ఇంత అని, గదిలో ఇద్దరుంటారన్న లెక్కన చెబుతారు. దాని మీద పోర్టు పన్నులు, ఒక్కొక్కరికి రోజు లెక్కన వేసే టిప్స్ ఉంటాయి. ఇద్దరివీ, అన్ని రోజులవీ కలిపి చూశాకే ఓడకీ ఓడకీ పోల్చండి.

పాస్‌పోర్టులు ప్రయాణం ముగిశాక ఇంకా ఆరు నెలలైనా చెల్లేలా చూసుకోండి. వీసాతో వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. అమెరికా రేవులో ఎక్కి, వేరే దేశాలు చూసి, మళ్లీ అక్కడే దిగుతారు కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. దారిలోని ఒక్కో దేశానికీ నియమాలు విడిగా చూడాలి.

ఇక క్యాబిన్. సముద్రం పడని మనిషి ఒక్కరున్నా, ఓడ పొడవులో మధ్యన, కింది డెక్కుల్లో గది తీసుకోండి. ఓడ ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు కొసలు ఎక్కువ లేస్తాయి, మధ్య భాగం తక్కువ కదులుతుంది. పక్కలకి ఒరిగినప్పుడు పై అంతస్తుల్లో ఎక్కువ తెలుస్తుంది. ఓడకి రెండు వైపులా ఉండే స్టెబిలైజర్ రెక్కలు పక్క ఊపునే తగ్గిస్తాయి, ముందు వెనకల ఊపుని ఆపలేవు. 'గ్యారంటీ' క్యాబిన్ చవకగా వస్తుంది, కానీ గది ఎక్కడివ్వాలో కంపెనీ ఇష్టం. మా ఆయన కోసం నేను దాని జోలికి పోను. కింద, మీద క్యాబిన్లే ఉన్న గది తీసుకుంటే రాత్రి కుర్చీల చప్పుడు, పాటల హోరు ఉండవు.

బాల్కనీ తీసుకునే ఉద్దేశం ఉంటే వైపు కూడా ఆలోచించండి. దక్షిణంగా వెళ్తున్నప్పుడు ఓడకి ఎడమ వైపు తూర్పు. పొద్దున ఎండ అటు పడుతుంది. మెక్సికో పసిఫిక్ మార్గంలో వెళ్లేటప్పుడు తీరం కూడా అటే. తిరుగు ప్రయాణంలో అంతా తలకిందులు. సూర్యాస్తమయాలు ఇష్టమా, సూర్యోదయాలు ఇష్టమా అని ఇద్దరూ ముందే తేల్చుకోండి.

వాంతుల మందుల విషయం డాక్టర్‌తో మాట్లాడండి. మెక్లిజిన్ మాత్రలు చాలామంది వాడతారు. చెవి వెనక అంటించే స్కోపలమిన్ ప్యాచ్ కనీసం 4 గంటల ముందే పెట్టుకోవాలి, 3 రోజులు పనిచేస్తుంది. కొన్ని రకాల గ్లకోమా ఉన్నవాళ్లకి అది పనికిరాదు. అంటించాక చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, ఆ చేత్తో కన్ను నలిపితే చూపు మసకబారుతుంది. మా ఆయనకి మందు కన్నా ఎక్కువ పనిచేసేది ఒకటుంది. తిప్పడం మొదలవగానే గదిలో పడుకోకుండా కింది డెక్ మీదికి వచ్చి, గాలి తగిలేలా నిలబడి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలుపుతారు. ఫోన్ చూడరు, పుస్తకం తెరవరు. కాసేపటికి ముఖంలో రంగు తిరిగి వస్తుంది.

ఓడ ఎక్కే ఊరికి ఒక రోజు ముందే చేరండి. ఇది చలికాలపు క్రూజ్‌కి అన్నిటికన్నా ముఖ్యమైన నియమం అంటాను. మీరు దిగేచోట ఎండ కాస్తుండవచ్చు, కానీ మీ విమానం బయలుదేరే చోటో, మధ్యలో మారే చోటో మంచు తుఫాను ఉంటే గంటలకి గంటలు ఆలస్యమవుతుంది. ఓడ మీ కోసం ఆగదు. ఆ రాత్రి హోటల్ ఖర్చుని క్రూజ్ ఖర్చులోనే వేసుకోండి. వైద్యఖర్చులకీ, అత్యవసరంగా ఒడ్డుకి తరలించడానికీ వర్తించే ఇన్సూరెన్స్ కూడా తీసుకోండి.

సర్దుకునే పెట్టెల్లో నేను తప్పనిసరి అనుకునేవి తక్కువే. అయస్కాంతపు కొక్కేలు ఓ గుప్పెడు. క్యాబిన్ గోడలు చాలా ఓడల్లో ఉక్కువే కాబట్టి తడి బట్టలు, టోపీలు, సంచులు గోడకే వేలాడతాయి, ఇద్దరుండే ఇరుకు గదిలో నేల ఖాళీగా ఉంటుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ కొనండి, ఎందుకంటే యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో పగడపు దిబ్బలకి హాని చేసే ఆక్సిబెన్‌జోన్, ఆక్టినాక్సేట్ రకాలని 2020 నుంచి నిషేధించారు. పొడుగు చేతుల స్విమ్ షర్ట్ ఇంకా మంచిది. స్నార్కెలింగ్‌లో కాలేది వీపే. మిలిటరీ మచ్చల డిజైన్ బట్టలు ఇంట్లోనే వదిలేయండి. బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియాలో మామూలు జనం వాటిని వేసుకోవడం చట్టవిరుద్ధం. ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఓడలోకి తెస్తే తీసేసుకుంటారు.

ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులోనే ఇచ్చేస్తారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులు, పాస్‌పోర్టులు, ఇద్దరి ఈత బట్టలు చేతి సంచిలో ఉంచుకుంటే ఆ మధ్యాహ్నమే పూల్‌లో దిగొచ్చు. సేఫ్టీ డ్రిల్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన కొందరికి అప్పటికి డ్రిల్ జరగలేదు. 32 మంది పోయారు. ఆ తరవాత, ఓడ బయలుదేరే ముందో బయలుదేరిన వెంటనేనో డ్రిల్ జరపాలని అంతర్జాతీయ నియమం మార్చారు. మీ మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదంలో మీరు చేరాల్సిన చోటు, ఎక్కడో ఇద్దరూ నడిచి వెళ్లి చూడండి. ప్రమాదం వచ్చినప్పుడు ఒకరు పూల్ దగ్గర, ఒకరు గదిలో ఉంటే ఒకరి కోసం ఒకరు వెతకకుండా, నేరుగా అక్కడే కలుసుకోవాలని మాట అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, రేవు రోజులు. రేవుకి ఒక్క పనే పెట్టుకోండి. బీచ్, శిథిలాలు, షాపింగ్ మూడూ ఒక్క రోజులో కుక్కితే మూడూ దక్కవు, ఇద్దరి మధ్య మాటామాటా పెరుగుతుంది. కోజుమెల్‌లో దిగి తులుం శిథిలాలు చూడాలని చాలామందికి ఉంటుంది. తులుం దీవి మీద లేదు, ప్రధాన భూభాగం మీద ఉంది. ఫెర్రీలో దాదాపు ముప్పావుగంట, తరవాత బస్సు, మళ్లీ అంతా వెనక్కి. రోజంతా ప్రయాణమే. మాయా నాగరికత శిథిలాలే చూడాలనుకుంటే కోజుమెల్ దీవి లోపలే శాన్ హెర్వాసియో ఉంది. ఇష్చెల్ అనే దేవతని కొలవడానికి ఒకప్పుడు మాయా స్త్రీలు పడవల్లో సముద్రం దాటి వచ్చిన చోటు. టాక్సీ ఎక్కే ముందు రేటు మనిషికా, బండికా, ఒక వైపుకా, రెండు వైపులకా అని నాలుగూ అడిగి ఎక్కండి.

గ్రాండ్ కేమన్‌లో అయితే నా ఓటు స్టింగ్‌రే సిటీకి. నార్త్ సౌండ్‌లోని ఇసుకతిన్నె మీద నడుము లోతు నీళ్లలో నిలబడితే స్టింగ్‌రేలు, అంటే టేకు చేపలు, కాళ్ల చుట్టూ తిరుగుతాయి. పాదాలు ఎత్తి వేయకూడదు, ఇసుకలో జరుపుతూ నడవాలి. చప్పుడు తెలిసి అవే పక్కకి తప్పుకుంటాయి.

అక్కడికి చేరాలంటే ముందు టెండర్ ఎక్కాలి, చాలామంది భయపడేది అక్కడే. బోటు ఓడ పక్కన లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇటు ఒకరు, అటు ఒకరు సిబ్బంది మీ మోచేతి కింద పట్టుకుంటారు. సంచి వీపుకి వేసుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. బోటు పైకి లేచి రెండు అంచులూ సమానమైన క్షణంలో వాళ్లు చెబుతారు, అప్పుడు ఒక్క అడుగు వేయాలి. దూకొద్దు. భార్యాభర్తలు చేతులు పట్టుకుని ఎక్కకూడదు. ఒకరు తూలితే రెండోవాళ్లు కూడా పడతారు. మా ఆయన ముందు ఎక్కి లోపలికి జరిగాక నేను అడుగు వేస్తాను.

టైమ్ విషయంలో ఫోన్‌ని నమ్మొద్దు. ఓడ అమెరికాలోని మయామీ టైమ్‌లోనే నడుస్తుంటే, చలికాలంలో బెలీజ్, రొవాటన్ ఒక గంట వెనక ఉంటాయి. ఒడ్డున ఫోన్ తనంతట తానే మారి 3:30 చూపిస్తుంటే ఓడలో 4:30 అయి ఉంటుంది. చేతి గడియారం ఓడ టైమ్‌కి పెట్టుకుని దాన్నే చూడండి. ఓడ బయలుదేరే టైమ్ వేరు, అందరూ ఎక్కేయాల్సిన టైమ్ వేరు. రెండోది సాధారణంగా అరగంట ముందుంటుంది. సొంతంగా తిరుగుతుంటే దానికి ఇంకో గంట ముందే రేవుకి చేరేలా చూసుకోండి. ఓడవాళ్ల టూర్ ఖరీదెక్కువ, కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. అందుకని దూరాలకి వాళ్ల టూర్, దగ్గర బీచ్‌లకి సొంత టాక్సీ. సముద్రం మీద ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉండాలి. ఓడ మొబైల్ నెట్‌వర్క్‌కి తగులుకుంటే బిల్లు వాచిపోతుంది.

ఓడలో రోజంతా గడిపే సీ డే నాడు కొంతసేపు ఎవరి దారిన వాళ్లుండండి. చిన్న గదిలో రోజుల తరబడి కలిసి ఉంటున్నప్పుడు అది ఇద్దరికీ ఊపిరి. నేను పెద్దవాళ్లకి మాత్రమే అని పెట్టిన డెక్ మీద పుస్తకంతో ఉంటాను, ఆయన డెక్ చుట్టూ నడుస్తారు, భోజనానికి కలుస్తాం. డైనింగ్ హాల్‌లో ఇద్దరికే టేబుల్ కావాలంటే మొదటి రోజు మధ్యాహ్నమే అడగాలి, అవి తక్కువ ఉంటాయి. బఫేకి వెళ్లే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వాంతులు, విరేచనాలు తెచ్చే, చలికాలంలో ఎక్కువయ్యే నోరోవైరస్‌కి ఆల్కహాల్ శానిటైజర్ సరిగ్గా పనిచేయదు.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టేముందు మర్నాటి బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు బయటికి తీసి మంచం మీద పెట్టుకోండి. బిల్లు ఆ రాత్రే చూడండి. ఓడలో కొనుగోళ్లకి వాడే ఇద్దరి కార్డులూ ఒకే ఖాతాకి కలిసి ఉంటాయి కాబట్టి ఎవరు ఏది కొన్నారో కలిసి చూసుకోవాలి. ఏదైనా తేడా ఉంటే పొద్దున క్యూ పెరగకముందే గెస్ట్ సర్వీసెస్‌లో అడగండి. తిరుగు విమానం మధ్యాహ్నం తరవాతదే తీసుకోండి. ఓడ పొద్దున్నే రేవుకి ఆనినా, దిగి, ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు వెతుక్కుని విమానాశ్రయం చేరేసరికి పూట గడిచిపోతుంది.